నిద్ర పట్టకపోతే: వ్యాయామం ఏ వేళకు చేయాలి, చైనా వైద్యంలో ఏది పనికొస్తుంది?

వేకువచుక్క:
పదింటికి పడుకుంటే పన్నెండు దాటినా కన్ను మూతపడదు. మూడింటికి మళ్లీ మెలకువ. వారంలో నాలుగైదు రాత్రులు ఇదే వరస, నాలుగు నెలలుగా. నిద్రమాత్రలు మొదలుపెట్టకుండా వ్యాయామంతో పాటు చైనా సంప్రదాయ వైద్యం ప్రయత్నించాలని ఉంది. వ్యాయామం పొద్దున మంచిదా, సాయంత్రమా? ఆక్యుప్రెషర్‌లో ఎక్కడ, ఎంతసేపు నొక్కాలి? మూలికల పొడులు సొంతంగా వాడవచ్చా?

నడకబాట:
వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలు లేదా ఆపైన ఉంటే దాన్ని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. మీది ఆ లెక్కలోకే వస్తుంది కాబట్టి రెండు రోజుల్లో ఫలితం చూడకండి. వ్యాయామం పని చేయడానికి నాలుగు నుంచి ఎనిమిది వారాలు పట్టవచ్చు. మొదటి వారం ఏమీ మారలేదని మానేయడమే ఎక్కువమంది చేసే తప్పు.

కొలత ఇదీ: రోజుకు 30 నిమిషాల చురుకైన నడక, వారానికి ఐదు రోజులు. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అదే సరైన వేగం. పొద్దున్నే ఆరుబయట నడిస్తే వెలుతురు కంటికి తగిలి ఒంట్లోని గడియారం సర్దుకుంటుంది, అందుకే నా ఓటు పొద్దుటికే. సాయంత్రం నడిచినా చెడేమీ లేదు. పరుగు, బరువులెత్తడం లాంటి గట్టి శ్రమ మాత్రం పడకకు రెండు గంటల ముందే ముగించాలి. గుండె వేగం, ఒంటి వేడి దిగకుండా పడుకుంటే నిద్ర దూరమవుతుంది.

ఇక అసలు చిక్కు మంచం మీద గడిపే సమయం. నిద్ర చాలలేదని తొమ్మిదింటికే పడుకునేవాళ్లు చాలామంది. దానివల్ల మంచం మెలకువగా దొర్లే చోటుగా అలవాటైపోతుంది. రెండు వారాలు రాసిపెట్టుకోండి: ఎన్ని గంటలు పడుకున్నారు, అందులో నిజంగా నిద్రపోయింది ఎంత. ఎనిమిది గంటలు పడుకుని ఆరు గంటలే నిద్రపోతుంటే మంచం మీద ఉండేది ఆరు గంటలకే తగ్గించండి. లేచేది ఆరింటికి అనుకుంటే పడుకునేది పన్నెండింటికి. పడుకున్న సమయంలో 85 శాతానికి పైగా నిద్రలోనే గడిచిన వారం, పడుకునే వేళను పావుగంట ముందుకు జరపండి, అంటే పన్నెండుకు బదులు పదకొండుముప్పావుకు. ఐదు గంటల కంటే ఎప్పుడూ తగ్గించకూడదు. మూర్ఛ, బైపోలార్ రుగ్మత ఉన్నవాళ్లు, రోజూ బండి నడపాల్సినవాళ్లు దీన్ని డాక్టరు పర్యవేక్షణ లేకుండా చేయొద్దు. పగటి కునుకు కూడా ఆపండి.

మణికట్టు:
చైనా పద్ధతిలో ముందు చెప్పాల్సింది బదువాన్‌జిన్ అనే నెమ్మది వ్యాయామం. ఎనిమిది కదలికలు, మొత్తం పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు. తాయ్ చీ కంటే త్వరగా నేర్చుకోవచ్చు, అందుకే పడక ముందుకు ఇదే మేలు. మోకాళ్లు బిగించకూడదు, భుజాలు ఎత్తకూడదు, ఊపిరి పట్టి ఉంచకూడదు. ఈ మూడింటిలో ఏది తప్పినా ఒళ్లు సడలే బదులు బిగుసుకుంటుంది.

నొక్కే చోట్లలో ముఖ్యమైనది షెన్‌మెన్. అరచేతిని పైకి తిప్పి, మణికట్టు ముడత మీద చిటికెనవేలు వైపు చివర చూడండి. బఠాణీ గింజంత ఎముక తగులుతుంది. దాని పక్కన, బొటనవేలు వైపున్న గుంట అదే. రెండోది నెయ్‌గ్వాన్: అదే ముడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ల వెడల్పు పైన, పిడికిలి బిగిస్తే తాళ్లలా తేలే రెండింటి మధ్య. మూడోది సాన్‌యిన్‌జియావ్: కాలి లోపలి చీలమండ బొడిపె నుంచి నాలుగు వేళ్లు పైన, ఎముక వెనక అంచున. గర్భిణులు ఈ మూడోదాన్ని నొక్కకూడదు.

ఒక్కో చోట రెండు మూడు నిమిషాలు, రెండు వైపులా. బొటనవేలి మెత్తని భాగంతో నొక్కుతూ చిన్న వలయంలా తిప్పండి, గోరు వద్దు. మందంగా, బరువుగా ఉండే నొప్పి రావాలి. చురుక్కుమంటే చోటు తప్పింది. వదిలే ఊపిరి పీల్చే ఊపిరి కంటే పొడుగ్గా ఉండాలి.

వేకువచుక్క:
మూడింటికి మెలకువ వచ్చినప్పుడు కూడా నొక్కవచ్చా? పొడుల సంగతి?

మణికట్టు:
షెన్‌మెన్ ఒక్కటి నొక్కండి, లైటు వేయకుండా, గడియారం చూడకుండా. ఇరవై నిమిషాలైనట్టు అనిపిస్తే లేచి వేరే గదిలో మసక వెలుతురులో కూర్చోండి. నిద్ర ముంచుకొచ్చాకే మంచం ఎక్కండి.

చేదుకషాయం:
పొడుల దగ్గర జాగ్రత్త, ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం. చైనా వైద్యంలో నిద్రకు పేరున్నది సువాన్ జావో రెన్, అంటే ముళ్ల రేగుగింజ లోపలి పప్పు. మోతాదు 10 నుంచి 15 గ్రాములు, దంచి మరిగిస్తారు. కానీ దీన్ని సాధారణంగా ఒంటరిగా ఇవ్వరు. ఫూ లింగ్, జీ మూ, చువాన్ షియోంగ్ అనే మరో మూడు చైనా మందు దినుసులు, అతిమధురంతో కలిపి కాస్తారు. త్వరగా ఉద్రేకపడి నిద్రపట్టనివాళ్లకూ, నీరసించి తరచూ మేలుకునేవాళ్లకూ ఈ వైద్యంలో కారణాలు వేరు, కాబట్టి కషాయాలూ వేరు.

అతిమధురం ఎక్కువ రోజులు వాడితే రక్తపోటు పెరుగుతుంది, పొటాషియం పడిపోతుంది. చువాన్ షియోంగ్, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడేవాళ్లకు రక్తస్రావం తెచ్చిపెట్టవచ్చు. ఈ కషాయాలను నిద్రమాత్రలతో కలిపితే మత్తు పెరగవచ్చు. పాత తరహా నిద్ర గుళికలు కొన్నింటిలో జూషా ఉంటుంది, అంటే ఇంగిలీకం, పాదరసపు ఖనిజం. పెట్టె మీద ఆ పేరు కనిపించినా, కలిపినవాటి పేర్లే లేకపోయినా ముట్టుకోకండి.

నడకబాట:
ఒక్క మాట మరిచాను. గురక గట్టిగా వచ్చి మధ్యలో ఊపిరి ఆగుతున్నట్టు ఇంట్లోవాళ్లు గమనించినా, పడుకోగానే కాళ్లు లాగి కదపకుండా ఉండలేకపోయినా ఇవేవీ సరిపోవు. మొదటిదానికి రాత్రి నిద్ర పరీక్ష, రెండోదానికి రక్తంలో ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ) పరీక్ష ముందు చేయించుకోండి.