సగంలో ఆగిన జీటీ40 రెప్లికా కొనొచ్చా? ఏమేం చూసుకోవాలి?

షెడ్డు_కుర్రాడు:
అందరికీ నమస్కారం. ఉండేది ఇంగ్లండ్‌లో, నార్తాంప్టన్ దగ్గర. ఉద్యోగం సాఫ్ట్‌వేర్, పిచ్చి మాత్రం కార్లు. ఇక్కడికి గంట దూరంలో ఒక పెద్దాయన ఇంట్లోనే ఫోర్డ్ జీటీ40 (1960ల రేసు కారు) రెప్లికా, అంటే నకలు, కట్టడం మొదలుపెట్టి, ఇప్పుడు ఒంట్లో ఓపిక లేక అమ్మేస్తున్నారు. స్టీలు గొట్టాల ఛాసిస్ ఉంది, దాని మీద ఫైబర్‌గ్లాస్ బాడీ ఉంది, సస్పెన్షన్ బిగించేశారు. ఫోర్డ్ 302 వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ స్టాండు మీద విడిగా ఉంది. గేర్‌బాక్స్ "పోర్షాది" అని ఫోన్‌లో చెప్పారు. వైరింగ్ అసలు మొదలే కాలేదు.

ధర నాకు అందేలాగే ఉంది. శనివారం చూడటానికి వెళ్తున్నాను. పాత బైకుల ఇంజిన్లు విప్పి బిగించిన అనుభవం ఉంది, కారు మొత్తం కట్టిన అనుభవం లేదు. అక్కడ ముందు ఏం చూడాలి? ఇంజిన్ కంప్రెషన్ చూస్తే చాలా? ఇంకో చిన్న టెన్షన్, నా ఎత్తు ఆరడుగుల ఒక అంగుళం.

ఏడో_నంబరు:
బ్రదర్, ఇంజిన్ సంగతి ఆఖరికి చూద్దాం. వెళ్లగానే ముందు కారులో కూర్చోండి. జోక్ కాదు. పేరులోని 40 దాని ఎత్తే, నేల నుంచి పైకప్పుకి 40 అంగుళాలు, అంటే మీటరు పైన ఒకటిన్నర సెంటీమీటర్లు. డాన్ గర్నీ లాంటి పొడుగు డ్రైవర్ కోసం 1967లో లె మాన్స్ 24 గంటల రేసు గెలిచిన జీటీ40 మార్క్ 4 కారు పైకప్పులో తల పట్టేలా ఒక బుడిపె పెట్టాల్సి వచ్చింది. సీటు మెత్త తీసేసి కూర్చోండి, తలుపు మూయించండి. తలుపు పైభాగం పైకప్పుతో కలిసి ఉంటుంది, మూసేటప్పుడు నెత్తికి తగులుతుందో లేదో అప్పుడే తెలుస్తుంది. క్లచ్ పెడల్ పూర్తిగా తొక్కి చూడండి, మోకాలు స్టీరింగ్‌కి తగిలితే అక్కడే తేలిపోతుంది.

తర్వాత కాగితాలు. ఛాసిస్ ఎక్కడ కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఇంజిన్ ఏ కారులోంచి వచ్చింది, దేనికి బిల్లు ఉంది, దేనికి లేదు, అన్నీ అడగండి. కట్టేటప్పుడు తీసిన ఫోటోలు ఉంటే అవి కూడా కావాలి. ఎందుకో ఐవీఏ (ఇంట్లో కట్టిన కార్లకి ఇక్కడ పెట్టే పరీక్ష) సంగతి వచ్చినప్పుడు చెప్తాను.

మనసులో మాట కూడా చెప్పేస్తాను. మొదటి కారుగా జీటీ40 పెట్టుకోవద్దనే అంటాను. నేను కట్టింది లోటస్ సెవెన్ (తేలికైన చిన్న స్పోర్ట్స్ కారు) తరహా బండి. అంగుళం చదరపు గొట్టాల ఛాసిస్, ముందు ఇంజిన్, వెనక చక్రాలకి డ్రైవ్. మాజ్దా ఎంఎక్స్-5 ఒకటి కొంటే ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, చక్రాల హబ్బులు అన్నీ అందులోంచే వస్తాయి. తలుపులు లేవు, పైకప్పు లేదు, ఎక్కడ చెయ్యి పెట్టినా అందుతుంది. ఇంజిన్ డ్రైవర్ వెనకుండే మిడ్ ఇంజిన్ బండిలో ఒక్క హోస్ క్లిప్ బిగించడానికి సగం కారు విప్పాలి.

రెంచి_అక్క:
సెవెన్ ముందు కట్టమనడంతో నేను ఏకీభవించను. ఎవరికి ఏ కారు మీద మనసుంటే అదే పూర్తవుతుంది. ఇష్టం లేని బండి షెడ్డులో దుప్పటి కింద పడుంటుంది.

షెడ్డు_కుర్రాడు, నాకు భయంగా ఉన్నది ఒక్కటే, ఆ "పోర్షా గేర్‌బాక్స్". నేను గేర్‌బాక్స్ టెస్టింగ్‌లో పనిచేస్తాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

జీటీ40లో ఇంజిన్ డ్రైవర్ వెనక ఉంటుంది, దాని వెనక గేర్‌బాక్స్, మధ్యలో వెనక చక్రాల ఇరుసు. పోర్షా 911లో దీనికి తలకిందులు. ఇంజిన్ ఇరుసుకి వెనక వేలాడుతుంది, గేర్‌బాక్స్ ముందుకి ఉంటుంది. ఆ గేర్‌బాక్స్‌ని తెచ్చి తిప్పి పెట్టారనుకోండి, చక్రాలు వెనక్కి తిరుగుతాయి. రివర్స్ గేర్లు ఐదు, ముందుకి ఒకటి! దాన్ని సరిచేయాలంటే లోపల క్రౌన్ వీల్ అనే పెద్ద గేరుని, దాన్ని తిప్పే పినియన్ అనే చిన్న గేరుకి రెండో పక్కకి మార్చాలి, లేదా గేర్‌బాక్స్‌నే తలకిందులుగా బిగించి ఆయిల్ ఏర్పాట్లు మార్చాలి. ఏది కుదురుతుందో మోడల్‌ని బట్టి ఉంటుంది. రెండూ డబ్బు లాగే పనులే.

ఆడీ, రెనో 25 లాంటి కార్లలో ఇంజిన్ ముందు ఇరుసుకి ముందు ఉండి, గేర్‌బాక్స్ వెనక్కి ఉంటుంది. ఆ వరస జీటీ40కి సరిగ్గా సరిపోతుంది కాబట్టి తిప్పాల్సిన పనిలేదు. ఇళ్లలో కట్టే జీటీ40లలో రెనో యూఎన్1, ఆడీ గేర్‌బాక్సులు అంత ఎక్కువగా కనిపించడానికి ఇదే కారణం. అసలు కార్లలో చాలావాటిలో వాడినది జెడ్ఎఫ్ అనే జర్మన్ కంపెనీది, దాని ధర అడగకండి.

అక్కడికక్కడే ఇలా చూడొచ్చు. గేర్‌బాక్స్‌ని కారులో ఉండాల్సినట్టే పెట్టండి, బెల్ హౌసింగ్ (ఇంజిన్‌కి బిగించే వెడల్పాటి మూతి) ముందుకి. ఫస్ట్ గేర్ వేయండి. ఇంజిన్ ఉండాల్సిన చోట నిలబడి వెనక్కి చూస్తూ ఇన్‌పుట్ షాఫ్ట్‌ని సవ్యదిశలో తిప్పండి. ఫోర్డ్ వీ8 ముందు నుంచి చూస్తే అటే తిరుగుతుంది. ఇంకొకరు కుడివైపు ఫ్లాంజ్ (చక్రానికి పోయే షాఫ్ట్ బిగించే పళ్లెం) కదలకుండా పట్టుకుని, కారు ఎడమ పక్క నుంచి ఎడమ ఫ్లాంజ్ ఎటు తిరుగుతుందో చూడాలి. అపసవ్యదిశలో తిరిగితే బండి ముందుకి పోతుంది. సవ్యదిశలో తిరిగితే ఆ పెద్దాయనతో బేరం మళ్లీ మొదలుపెట్టండి.

కేసు మీద ఉన్న కోడ్ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి.

డెట్రాయిట్_మావ:
అమ్మాయి గేర్‌బాక్స్ గురించి చెప్పాల్సినదంతా చెప్పేసింది. 302 గురించి నేను రెండు ముక్కలు చెప్తాను. మా గ్యారేజీలో కోబ్రా రెప్లికా ఉంది, అదే ఇంజిన్.

302లో బ్యాలెన్స్ బరువు కొంత బయట ఉంటుంది, క్రాంక్‌షాఫ్ట్ ముందు కొనకుండే డ్యాంపర్ మీద, వెనక కొనకుండే ఫ్లైవీల్ అనే బరువు చక్రం మీద. 1980ల ఆరంభం దాకా వచ్చిన ఇంజిన్లకి 28 ఔన్సుల లెక్క, తర్వాతవాటికి 50 ఔన్సుల లెక్క. రెండూ బోల్టులకి సరిపోతాయి, అదే ప్రమాదం. పాత క్రాంక్‌కి కొత్త ఫ్లైవీల్ తగిలిస్తే ఇంజిన్ వణికి వణికి బేరింగులు పోతాయి. స్టాండు మీదున్న ఇంజిన్ ఏ సంవత్సరందో, ఫ్లైవీల్ దేనిదో విడివిడిగా అడగండి.

రెండోది ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు ఒకదాని తర్వాత ఒకటి వెలిగే వరస. పాత 302 అయితే 1-5-4-2-6-3-7-8. హెచ్‌ఓ (ఎక్కువ పవర్ రకం) అయితే 1-3-7-2-6-5-4-8, ఇది ఫోర్డ్‌దే ఇంకో వీ8, 351 విండ్సర్ ఆర్డరే. ఎవరైనా క్యామ్‌షాఫ్ట్ మార్చి ఉంటే బ్లాక్ చూసి ఆర్డర్ చెప్పలేం, క్యామ్‌ని బట్టే ప్లగ్ వైర్లు పెట్టాలి. మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు కార్బ్యురేటర్‌లోంచి మంటలొచ్చాయంటూ వచ్చేవాళ్లలో చాలామందికి జబ్బు ఇదే.

కంప్రెషన్ చూడటం తప్పుకాదు బాబూ. కానీ ఇంజిన్ పోతే ఇంకో 302 దొరుకుతుంది. పనికిరాని గేర్‌బాక్స్, కాగితాల్లేని ఛాసిస్ నెత్తిన పడితే అంత తేలిగ్గా వదలవు.

షెడ్డు_కుర్రాడు:
అందరికీ థ్యాంక్స్, చూసొచ్చాను. సీటు మెత్త తీస్తే పడుతున్నాను, తలుపు నెత్తికి తగల్లేదు. హెల్మెట్ పెట్టుకుంటే మాత్రం తగిలేలా ఉంది. అక్కా, ఆ "పోర్షా" గేర్‌బాక్స్ కేసు మీద నాలుగు రింగులున్నాయి! తిప్పి చూశాం, ఎడమ ఫ్లాంజ్ అపసవ్యదిశలోనే తిరిగింది. పెద్దాయన కూడా ఆశ్చర్యపోయారు, ఆయనకి అమ్మినవాళ్లు పోర్షా అనే చెప్పారట. ఛాసిస్ బిల్లు, ఫోటోల ఆల్బమ్ ఉన్నాయి. ఇంజిన్‌కి బిల్లుంది, సంవత్సరం రాసి లేదు. మావగారూ, డ్యాంపర్ మీద 28 అని కనబడింది, ఫ్లైవీల్ మీద ఏమీ లేదు.

ఇక కూలింగ్, వైరింగ్, ఐవీఏ. వీటిలో కొత్తవాళ్లు ఎక్కడ ఇరుక్కుంటారు?

రెంచి_అక్క:
ఆడీయే! పండగ చేసుకోండి. అయినా బిగించే ముందు ఒకసారి విప్పించి సింక్రోలు (గేర్లు మెత్తగా పడేలా చేసే రింగులు), బేరింగులు చూపించండి. ఆ గేర్‌బాక్స్ పుట్టింది వీ8 కోసం కాదు, నిలబడి ఉన్న బండిని ఒక్కసారిగా క్లచ్ వదిలి లాగితే తట్టుకోదు. ఫ్లైవీల్‌ని బ్యాలెన్సింగ్ షాపులో తూకం వేయించకుండా బిగించొద్దు.

కూలింగ్ సంగతి. రేడియేటర్ ముక్కులో, ఇంజిన్ వెనక. మధ్యలో పోవడానికొకటి, రావడానికొకటి రెండు పొడుగాటి పైపులు. ఆ దారిలో గాలి ఎక్కడ ఇరుక్కున్నా నీళ్లు తిరగవు, గేజ్ ఒకటి చూపిస్తుంది, హెడ్ లోపల ఇంకొకటి జరుగుతుంది. నీళ్లు పోసే హెడర్ ట్యాంక్ మొత్తం సిస్టమ్‌లోకెల్లా ఎత్తున ఉండాలి. రేడియేటర్ పైమూల నుంచి సన్నటి హోస్ ఒకటి దాంట్లోకి వేసేయండి, గాలి దానంతటదే పోతుంటుంది. పైపుల చివర్లలో ఉబ్బెత్తు అంచు లేకపోతే క్లిప్ ఎంత బిగించినా వేడికి హోస్ ఊడొస్తుంది. రేడియేటర్ చుట్టూ ఉన్న సందుల్ని రేకుతోనో ఫోమ్‌తోనో మూసేయండి. గాలికి పక్కదారి దొరికితే రేడియేటర్‌లోకి పోదు. కాళ్ల దగ్గర ఆ పైపుల వేడి బయటికి రాకుండా చుట్టకపోతే వేసవిలో కారు లోపల విజయవాడే.

ఏడో_నంబరు:
వైరింగ్‌లో కొత్తవాళ్లని ఏడిపించేది ఎర్త్. మామూలు కారులో బాడీ అంతా ఇనుము, బల్బు హోల్డర్‌ని ఎక్కడ బిగించినా ఎర్త్ దొరుకుతుంది. ఫైబర్‌గ్లాస్‌లో కరెంట్ పారదు. ప్రతి లైటుకీ, ప్రతి గేజ్‌కీ, ఫ్యూయల్ సెన్సర్‌కీ ఛాసిస్ దాకా విడిగా ఎర్త్ వైరు వేయాల్సిందే. ఎర్త్ సరిగ్గా లేకపోతే దయ్యం పట్టినట్టు ఉంటుంది. ఇండికేటర్ వేస్తే బ్రేక్ లైటు మిణుకుమంటుంది, హెడ్‌లైట్ వేస్తే టెంపరేచర్ ముల్లు లేస్తుంది. నాలుగైదు చోట్ల ఎర్త్ బోల్టులు పెట్టి, కింద పెయింట్ గీకి బిగించండి. ఇంజిన్ నుంచి ఛాసిస్‌కి లావు పట్టీ మరిచిపోవద్దు, లేకపోతే స్టార్టర్ కరెంట్ యాక్సిలరేటర్ కేబుల్ గుండా పోయి దాన్ని కాల్చేస్తుంది.

ఇప్పుడు ఐవీఏ. తెలియనివాళ్ల కోసం: బ్రిటన్‌లో ఇంట్లో కట్టిన కారు రోడ్డెక్కాలంటే డీవీఎస్ఏ అనే ప్రభుత్వ సంస్థ పెట్టే ఈ పరీక్ష పాసవ్వాలి, ఇది 2009లో పాత ఎస్‌వీఏ పరీక్ష స్థానంలో వచ్చింది. తర్వాత రిజిస్ట్రేషన్లు చూసే డీవీఎల్ఏకి వీ627/1 ఫారంతో పాటు బిల్లులు, ఫోటోలు పంపితే నంబరు వస్తుంది. భాగాల వయసు తేల్చలేకపోతే క్యూ అక్షరంతో మొదలయ్యే నంబరు ఇస్తారు. కారు నడవడానికి దానివల్ల ఇబ్బంది లేదు, అమ్మేటప్పుడు మాత్రం కొనేవాళ్లు మొహం చిట్లిస్తారు.

మీ ఇంజిన్ ఎప్పటిదో ఇప్పుడే తేల్చుకోండి. పొగ పరీక్ష ఏ లెక్కన చేస్తారన్నది ఇంజిన్ వయసు మీద ఆధారపడుతుంది. రుజువు లేకుండా "పాతదే సార్" అంటే కుదరదు. బ్లాక్ మీద పోతపోసినప్పటి కోడ్ ఉంటుంది, శుభ్రం చేసి ఫోటో తీయండి.

పరీక్షలో పవర్ ఎంత, స్పీడెంత అని ఎవరూ అడగరు. 100 మిల్లీమీటర్ల గుండు బాడీకి ఆనించి, అది తాకే ప్రతి అంచూ కనీసం 2.5 మిల్లీమీటర్ల గుండ్రం ఉందా అని చూస్తారు. జీటీ40 అందమంతా చక్రాల మధ్య చెవుల నట్లలోనే ఉంటుంది కదా, అవి అక్కడే ఫెయిల్. పరీక్ష రోజుకి గుండ్రటివి పెట్టుకోవాలి. శబ్దం 99 డెసిబెల్స్ దాటకూడదు. బ్రేకులకి బ్యాలెన్స్ బార్ (ముందు, వెనక బ్రేకుల బలాన్ని పంచే కడ్డీ) ఉంటే దాన్ని కదలకుండా లాక్ చేయాలి. ఇక స్టీరింగ్: తిప్పి వదిలేస్తే దానంతటది మధ్యకి రావాలి. మిడ్ ఇంజిన్ బండికి ముందు బరువు తక్కువ కాబట్టి బద్ధకిస్తుంది. క్యాస్టర్ (ముందు చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలిన కోణం) పెంచే అవకాశం మీ సస్పెన్షన్‌లో ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి, రంగు వేశాక కాదు.

కూకట్‌పల్లి_కుర్రాడు:
అన్నా, మధ్యలో దూరుతున్నా. ఇదే పని హైదరాబాద్‌లో చేస్తే రోడ్డు మీద తిప్పొచ్చా?

ఏడో_నంబరు:
కష్టం తమ్ముడూ. ఒక్క కారుకి విడిగా పరీక్ష పెట్టి పాస్ చేసే ఐవీఏ లాంటి దారి మన దగ్గర లేదు. కొత్త మోడల్ అయితే పుణె ఏఆర్ఏఐ లాంటి వాహన పరీక్షల సంస్థల్లో నమూనా ఆమోదం కావాలి, అది కంపెనీలు మోసే ఖర్చు. పాత కారునే మార్చేద్దామంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డం, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే గట్టిగా చెప్పింది. ట్రాక్ కోసమైతే వేరే సంగతి. ఇంజనీరింగ్ చదువుతుంటే కాలేజీ టీమ్‌లో చేరి ఫార్ములా భారత్, సుప్రా ఎస్ఏఈ లాంటి విద్యార్థుల రేసు కార్ల పోటీకి కారు కట్టు. వెల్డింగ్ నుంచి బ్రేకుల లెక్కల దాకా ఇక్కడ మేం చేసే పనులన్నీ అందులో ఉంటాయి, ఖర్చు నీ ఒక్కడి మీద పడదు.

డెట్రాయిట్_మావ:
ఇక్కడ అమెరికాలో ఇంటి కారు రిజిస్ట్రేషన్ రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో ఏడాదికి 500 కార్లకే ఒక ప్రత్యేక సౌకర్యం ఉంది, దానికోసం జనం కాచుక్కూర్చుంటారు.

బాబూ, రంగు గల్ఫ్ ఆయిల్ కంపెనీ రేసు కార్ల నీలం-నారింజ వేస్తావా? ఆ రంగులతో 1968లోనూ 1969లోనూ లె మాన్స్ గెలిచింది 1075 నంబరు ఛాసిస్ ఒక్కటే. రెప్లికాల మేళాకి వెళ్తే మాత్రం డజను కనబడతాయి.

షెడ్డు_కుర్రాడు:
రంగు దాకా వస్తే అప్పుడు చూద్దాం మావగారూ! అడ్వాన్స్ ఇచ్చేశాను. ఇంజిన్ వయసు తేలలేదని కొంచెం తగ్గించారు కూడా. వచ్చే వారం ట్రైలర్ మీద తెస్తున్నాను, ఏమైనా జాగ్రత్తలు?

రెంచి_అక్క:
వెనక బాడీ ముక్క మొత్తం ఒక్కటే, వెనక్కి తెరుచుకుంటుంది. కారుని ముందుకి మొహం పెట్టి ఎక్కించండి, లేకపోతే గాలి దూరి దాన్ని లేపుతుంది. లాచ్‌ల మీద నమ్మకం పెట్టుకోకుండా పైనుంచి వెడల్పాటి పట్టీ వేయండి, కింద దుప్పటి మడతపెట్టి. చక్రాలకే పట్టీలు కట్టండి, సస్పెన్షన్ చేతులకి కాదు. తలుపులు, ముందు అద్దం విప్పి వస్తే వ్యానులో విడిగా తెచ్చుకోండి. నట్లు, బోల్టులు ఏ డబ్బాలో ఉన్నవి ఆ డబ్బాలోనే, మీద ఏం రాసి ఉందో ఫోటో తీసుకుని తెండి. పెద్దాయన ఓపికగా ఉంటే ఒక మధ్యాహ్నం కూర్చుని ఒక్కో డబ్బా ఎక్కడిదో చెప్పించుకుని రాసుకోండి.

షెడ్డు_కుర్రాడు:
ఆయనే రమ్మన్నారు అక్కా, ఆదివారం. ఇంజిన్ బ్లాక్ కోడ్ ఫోటో కూడా అప్పుడే తీసి పెడతాను.