చిన్న పేపర్ టర్కీ కోడి చేస్తున్నా, తోక నిలబడట్లేదు, హెల్ప్ ప్లీజ్

కొండాపూర్_పిన్ని:
హాయ్ అందరికీ. మా అక్కవాళ్ళు ఈమధ్యే డల్లాస్ నుంచి వచ్చేసి ఇక్కడే సెటిల్ అయ్యారు, వాళ్ళ బాబు నవంబర్ వచ్చిందగ్గర్నుంచీ ఇక్కడ ఆకులు రంగు మారవా, థాంక్స్‌గివింగ్ (అమెరికాలో ఇంటిల్లిపాదీ కలిసి టర్కీ కోడి వండుకు తినే పండగ) చెయ్యరా అని ఒకటే గోల. సరే, ఆ రోజు డిన్నర్‌కి ఒక్కో ప్లేటు పక్కన ఒక్కోటి పెడదామని రెండంగుళాల పేపర్ టర్కీలు మొదలుపెట్టా. చార్ట్ పేపర్‌ని విసనకర్రలా మడతలు పెట్టి తోక చేస్తే గమ్ ఆరేలోపే టప్పున విచ్చుకుపోతోంది, ఎలాగోలా అంటించినా బొమ్మ మొత్తం వెనక్కి పడిపోతోంది. వీడియోల్లో అందరూ ఒంటికి పైన్ కోన్ (పైన్ చెట్టు కాయ) తీసుకోండి అంటారు, అది మన దగ్గర ఎక్కడ దొరుకుతుందసలు?

కాగితం_పిచ్చి:
చార్ట్ పేపర్ వదిలెయ్యండి, అదే మీ ప్రాబ్లం. తోకకి మామూలు జిరాక్స్ పేపర్ మందం చాలు, 80 జీఎస్ఎం కలర్ షీట్లు కోఠీలో, అబిడ్స్‌లో ఏ స్టేషనరీ షాప్‌లో అడిగినా ఇస్తారు. 8 సెంటీమీటర్లు బై 10 సెంటీమీటర్ల ముక్క కట్ చేసి, 10 సెంటీమీటర్ల వైపు అర సెంటీమీటర్ చొప్పున ముందుకీ వెనక్కీ మడుస్తూ పోండి, ప్రతి మడతనీ స్కేలుతో గట్టిగా రుద్దాలి. చివరికి 8 సెంటీమీటర్ల పొడుగు కట్ట వస్తుంది కదా, దాన్ని సరిగ్గా మధ్యకి వంచి, ఎదురెదురుగా వచ్చిన రెండంచుల్నీ అంటిస్తే అరచక్రం తయారు. ఇరవై పొరలు ఒకేసారి వంగాలి కాబట్టే పల్చటి కాగితం కావాలి, చార్ట్ అయితే అక్కడ వంగదు, వంగినా స్ప్రింగులా తన్నేస్తుంది. ఫెవికాల్ ఎక్కువ పూయకండి, అందులో నీళ్ళుంటాయి, పల్చటి కాగితం తడిసి మడతలు మెత్తబడతాయి. గ్లూ స్టిక్ రాసి బట్టల క్లిప్పు పెట్టి కాసేపు వదిలెయ్యండి.

ఇక టర్కీ ఒంటికి, క్విల్లింగ్ (సన్నటి కాగితం స్ట్రిప్పులు చుట్టి చేసే పని) జుంకాలు చేసినట్టే, బ్రౌన్ స్ట్రిప్పుని బిగుతుగా చుట్టి మధ్యలో వేలితో నెట్టి డోమ్ చెయ్యండి, లోపల మాత్రం ఫెవికాల్ పూసి ఆరనిస్తే గట్టిపడుతుంది. కింద బేస్‌కి పాత శుభలేఖ! మందంగా ఉంటుంది, మెరూన్ మీద గోల్డ్ ప్రింట్ ఉంటే ఇంకా మంచిది (మా ఇంట్లో పెళ్ళికార్డు ఏదీ బయటికి పోదు, మావారు నవ్వుతారు). బేస్ గుండ్రంగా కట్ చేసి తోకని మరీ అంచున కాకుండా కొంచెం లోపలికి అంటించి, ముందువైపు అడుగున ఒక చింతపిక్క అంటించండి, ఆ బరువుకి ఇక వెనక్కి పడదు.

మౌలాలి_భాయ్:
పైన్ కోన్ ఏం జెయ్యాలె అక్కా, పెద్దగైతది, రెండంగుళాల బొమ్మకి ఏం సరిపోతది. సరుగుడు చెట్టు ఏ పార్కుల కనబడ్డా కింద రాలిన కాయలు ఏరుకోండ్రి, గోలీ అంత ఉంటయి, ఒళ్ళు దాంతోటే అయిపాయె. ఇగ ఆకులంటారా, బాదం చెట్టు కింద చూస్తే రెండు మూడు ఎర్రటివి దొరుకుతయి, ప్లేటు కింద పరిస్తే పిలగాడు ఖుష్.

నిజాంపేట_నాని:
మొన్నే బతుకమ్మ అయింది, దీపావళి అయింది, ఇప్పుడు టర్కీ కూడానా? 😀

కొండాపూర్_పిన్ని:
@నిజాంపేట_నాని పిల్లాడు బతుకమ్మకి తంగేడు పూలు కూడా పేర్చాడు బాబూ, ఇది వాడి పండగ, వాడికీ ఒకటి ఉండనివ్వండి.

న్యూజెర్సీ_రావు:
ఇక్కడ అమెరికాలో థాంక్స్‌గివింగ్ నవంబర్ నాలుగో గురువారం, 1941లో చట్టం చేసి ఆ రోజు ఫిక్స్ చేశారు, కెనడాలో అయితే అక్టోబర్ రెండో సోమవారం, మీ బాబు డల్లాస్ కాబట్టి మీకింకా టైముంది. ఇంకో మాట, ఈ పండగకి మొదలని చెప్పుకునే 1621 నాటి విందు గురించి అప్పటివాళ్ళు రాసిన ఉత్తరంలో పక్షులు, ఐదు జింకలు అని ఉంది గానీ టర్కీ అని విడిగా లేదు, అయినా అందరి టేబుల్ మీదా టర్కీయే, ఏం చేస్తాం. బొమ్మలో ఎక్కువమంది వదిలేసేది ముఖం. తల మీద ఈకలుండవు, ఎరుపూ నీలం కలిసిన బోడి తల, ముక్కు మీద నుంచి ఒక పక్కకి ఎర్రటి తోలు వేలాడుతుంది, గడ్డం కింద ఇంకోటి. అవి రెండూ లేకపోతే చూసేవాళ్ళు నెమలి అనుకుంటారు.

కొండాపూర్_పిన్ని:
జిరాక్స్ పేపర్‌తో ట్రై చేశా, తోక కదల్లేదు! చింతపిక్క ఐడియాకి దండం. ఆ ముక్కు మీద ఎర్రది మాత్రం అంత చిన్న సైజులో కత్తెరకి రావట్లేదు.

కాగితం_పిచ్చి:
కత్తెర పక్కన పెట్టండి. 3 ఎంఎం ఎర్ర క్విల్లింగ్ స్ట్రిప్పుని నిలువునా సగం చీల్చి, టూత్‌పిక్‌కి ఒక్క చుట్టు చుట్టి వదిలితే అదే వంకర తిరుగుతుంది, చివర చుక్క గమ్ పెట్టి ట్వీజర్స్‌తో అంటించెయ్యండి. నీలానికి స్కెచ్ పెన్ చాలు.