అడవిలో కోటీశ్వరుల బంగళాలు: చూడాలా, తగలబెట్టాలా?

ఎడిసన్ కోడలు:
లాంగ్ వీకెండ్‌కి న్యూయార్క్ ఎగువన అడిరాండాక్ కొండల్లోకి వెళ్తున్నాం. అక్కడ 1900 ప్రాంతంలో పెద్ద పెద్ద కుటుంబాలు కట్టుకున్న ‘గ్రేట్ క్యాంపు’ల్లో ఒకటి చూడాలని. సాగమోరా, శాంటనోనీయా? అత్తగారికి మోకాళ్ల నొప్పులు.

గోదారి గట్టు:
మోకాళ్ల నొప్పులంటే సాగమోర్ అండి, ఇంకో మాట లేదు. కారు దగ్గరదాకా పోతుంది. 1890ల్లో విలియం వెస్ట్ డ్యూరాంట్ కట్టించాడు, 1901లో రైల్వే కోటీశ్వరుల ఇంటి ఆల్‌ఫ్రెడ్ వాండర్‌బిల్ట్‌కి అమ్మాడు. ఆ వాండర్‌బిల్టే 1915లో, జర్మన్లు ముంచేసిన లూసిటేనియా అనే ప్రయాణికుల ఓడతో మునిగిపోయింది. సరస్సు ఒడ్డున మూడంతస్తుల లాడ్జి, తొక్క తియ్యని దుంగలతో. ఆరుబయట చూరు కింద బౌలింగ్ కూడా ఉంది, క్రికెట్‌ది కాదండోయ్, బంతి దొర్లించి పిన్నులు పడగొట్టే ఆట!
డ్యూరాంట్ కథ వింటే మన ఊరి కథే. తండ్రి రైల్వేల మీద గడించాడు, కొడుకు బంగళాల మీద తగలేశాడు. నాన్న ఆస్తిలో వాటా ఇవ్వలేదని చెల్లెలు కోర్టుకెక్కింది. చివరికి అన్నీ పోయాయి.

ఓరుగల్లోడు:
బౌలింగ్ ఆడనీకి అడవి ఎందుకన్నా? క్యాంపంటే డేరా. వంటోళ్లు, బట్టలుతికెటోళ్లు, పడవ తోసెటోళ్లు ఇంతమంది ఉన్నదాన్ని క్యాంపు అంటరా? న్యూయార్క్ రాజ్యాంగంల 1894 నుంచి ఉన్నది, ప్రభుత్వ అడవి ఎప్పటికీ అడవిగనే ఉండాలె అని. లైలా సరస్సు కాడ నెహసానె అని ఒక పెద్ద లాడ్జి ఉండె. ఆ భూమి ప్రభుత్వం చేతికొచ్చినంక 1980లల్ల దాన్ని తగలబెట్టిండ్రు. మంచి పని చేసిండ్రు అంట నేను.

గోదారి గట్టు:
మంచి పనా? మా తాతగారి మండువా లోగిలి మా పెదనాన్నలు పడగొట్టించి అపార్ట్‌మెంటు లేపారు. దూలాలు లారీకెక్కిస్తుంటే అరుగు మీద కూర్చుని చూశాను. టేకు దూలానికి చెక్కిన చిలకలు, ఒక్కో చిలక ముక్కు ఒక్కోలా ఉండేది. అవి ఏ టింబర్ డిపోలో కోత మిల్లుకెళ్లాయో. మీరు ఒక్క అగ్గిపుల్లతో తేల్చేస్తున్నారు.

నడకే ఆరోగ్యం:
శాంటనోనీ చూడండి. కార్లు రానివ్వరు. గేటు నుంచి సుమారు 5 మైళ్ల మట్టిదారి. నడకైనా, సైకిలైనా, గుర్రపు బండైనా.

ఎడిసన్ కోడలు:
5 మైళ్లు పోనూ రానూనా?

నడకే ఆరోగ్యం:
పోను మాత్రమే. కానీ చదునైన దారి.

గోదారి గట్టు:
మోకాళ్ల నొప్పులున్న ఆవిడకి 10 మైళ్లు చెబుతారేంటండీ బాబూ!
కానీ చోటు మాత్రం చోటే. ఆల్బనీ బ్యాంకరు రాబర్ట్ ప్రూయిన్‌ది. వాళ్ల నాన్న లింకన్ కాలంలో జపాన్‌కి అమెరికా రాయబారి, ఈయనా కుర్రతనంలో అక్కడున్నాడు. ఆ జపాన్ ఛాయ కట్టడంలో కనిపిస్తుంది. గదులన్నిటినీ కలుపుతూ ఒకే పెద్ద వరండా. లోపల గోడలకి భూర్జపత్రం అతికించారు. మన పురాణాల్లో తాళపత్రాలతో పాటు వింటామే, ఆ జాతి చెట్టు బెరడే.

ఓరుగల్లోడు:
కట్టించినోళ్ల పేర్లు మూడు తరాలవి చెప్పినవు. దుంగలు మోసినోళ్ల పేరు ఒక్కటి చెప్పు.

గోదారి గట్టు:
పేర్లు తెలియకపోతే కట్టడం తగలెయ్యాలా? తాజ్‌మహల్ కూడానా? ఏమనుకోకు తమ్ముడూ, ఉన్నవాణ్ణి చూస్తే కొందరికి కళ్లలో కారం కొట్టినట్టుంటుంది.

ఎడిటింగ్ పంతులు:
అడిరాండాకా, ఆడిరొండాకా? ముందు అది తేల్చండి.

ఓరుగల్లోడు:
కళ్లల్ల కారమా. సరే ఇను.
పోయినేడు మా నాయన వస్తే సాగమోర్ తీస్కపోయిన. అవును, నేనే. అక్కడ కమ్మరి కొట్టం ఉంటది, లాడ్జికి దూరంగ, పనోళ్ల ఇండ్ల దిక్కు. మా నాయన ఆడ్నే నిలబడిపోయిండు. గైడమ్మ రెండుసార్లు పిలిచింది, ఆయన సరస్సు దిక్కు రాలె. మా తాత కమ్మరి. మా ఊరి దొర గడి దర్వాజకు ఇనుప బందులు కొట్టింది ఆయనే. వెట్టి. కూలి లేదు. ఇప్పుడు ఆ గడిని పెండ్లి ఫొటోలకు కిరాయికిస్తున్నరు. మొన్న ఊరికి పోతే అదే దర్వాజ కాడ మా నాయనను 500 టికెట్ అడిగిండ్రు. ఆయన బందుల మీద చెయ్యి పెట్టి చూసి, ఏమనకుండ ఇంటికొచ్చిండు.
నీ చిలకలు నీకు యాదికున్నయి. మంచిదే. చెక్కిన వడ్లాయన పేరు యాదికున్నదా?

నడకే ఆరోగ్యం:
🙏

గోదారి గట్టు:
లేదు. అమ్మని అడిగాను ఇప్పుడే ఫోన్ చేసి. ఆవిడకీ తెలీదు.
కారం మాట అనాల్సింది కాదు, వెనక్కి తీసుకుంటున్నా. తగలబెట్టడం మాత్రం ఒప్పుకోను. ఎందుకో సాగమోర్‌తోనే చెబుతా. వాండర్‌బిల్టుల తర్వాత అది సిరక్యూస్ యూనివర్సిటీ చేతికొచ్చింది. వాళ్లు 1975లో దాన్ని వదులుకుంటే అడవి ప్రభుత్వానికి, సరస్సు ఒడ్డు బంగళాలు ఒక సంస్థకీ పోయాయి. పనివాళ్ల ఇళ్లు, మీ నాన్నగారు నిలబడ్డ కమ్మరి కొట్టం ప్రభుత్వ వాటాలో పడ్డాయి. అంటే మీరు చెప్పిన ‘ఎప్పటికీ అడవి’ చట్టం ప్రకారం అక్కడ కట్టడాలు ఉండకూడదు. వాటిని కాపాడ్డానికి 1983లో జనం ఓటేసి రాజ్యాంగం సవరించారు. ఆ కట్టడాలున్న సుమారు 10 ఎకరాలు సంస్థకిచ్చి, బదులుగా ప్రభుత్వం సుమారు 200 ఎకరాల అడవి తీసుకుంది. మీ చట్టమే నెగ్గి ఉంటే మీ నాన్నగారికి నిలబడ్డానికి కొట్టమే ఉండేది కాదు.

ఓరుగల్లోడు:
నేననేదీ అదే కదన్నా. దొర ఇల్లు 1975లనే పదిలం. పనోళ్ల కొట్టానికి ఎనిమిదేండ్లు, రాజ్యాంగ సవరణ.

గోదారి గట్టు:
అయినా చేశారుగా!

ఓరుగల్లోడు:
చేసిండ్రు. కాదంటలేను. నెహసానె మీద మాత్రం నా మాట మారదు.

ఎడిసన్ కోడలు:
సాగమోర్‌కి బుక్ చేశాను, శనివారం. ఓరుగల్లు తమ్ముడూ, ఆ కొట్టం దగ్గర కూర్చోవడానికి బల్ల ఏమైనా ఉందా? అత్తగారు ఎక్కువసేపు నిలబడలేరు.

ఓరుగల్లోడు:
మడత కుర్చీ తీస్కపోండి అక్కా. మా నాయన నిలబడే ఉన్నడు, నేను బల్ల కోసం చూడలె.