హిమాలయన్ 450నా, 390 ఎండ్యూరో ఆర్‌నా? గుంటూరు వైపు కరకట్టలు, నల్లరేగడి దారులకి ఏది నయం?

తాడికొండ అడ్డరోడ్డు

అందరికీ నమస్కారం. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450, కేటీఎం 390 ఎండ్యూరో ఆర్, ఈ రెండు బైకుల్లో ఒకటి తీసుకోవాలి, ఇంట్లో ఇంకో బైక్ ఉండదు. ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు, బరువు 72 కిలోలు. రోజూ గుంటూరు నుంచి మంగళగిరి ఆఫీసుకి, రానూపోనూ 40 కిలోమీటర్లు. ఆదివారాలు కరకట్టలు, డొంకదారులు, కొండవీడు చుట్టుపక్కల రాళ్ల బాటలు. వానలు తగ్గాక మారేడుమిల్లి, లంబసింగి. వెనక మా ఆవిడ కూడా అప్పుడప్పుడు కూర్చుంటుంది.

షోరూముల్లో పవర్ గురించే చెప్తున్నారు. నాకు కావలసింది వేరే. నల్లమట్టిలో ఏది తక్కువ ఇబ్బంది పెడుతుంది? కేటీఎం 9 లీటర్ల ట్యాంకుతో నిజంగా వేగగలమా? సీటు ఎత్తు నాకు సరిపోతుందా? ట్యూబ్‌లెస్ చక్రాలకి అదనంగా పెట్టడం దండగా?

ఆటోనగర్ స్పానర్

పవర్ సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే అది చివర్లో చూడాల్సిన విషయం. కేటీఎం 390 ఇంజిన్ 399 సీసీ, 46 పీఎస్ పవర్, 39 ఎన్ఎం టార్క్ (తిప్పే బలం). హిమాలయన్ 452 సీసీ, 40 పీఎస్, 40 ఎన్ఎం. కాగితం మీద కేటీఎంది పైచేయి. కానీ పిస్టన్ కొలతలు చూడండి. కేటీఎం బోర్ (సిలిండర్ వెడల్పు) 89 మి.మీ., స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 64. హిమాలయన్ బోర్ 84, స్ట్రోక్ 81.5. పొట్టి స్ట్రోక్ ఇంజిన్ పైన ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) పరిగెడుతుంది, పొడుగు స్ట్రోక్‌ది కింద నుంచే లాగుతుంది. హిమాలయన్ పూర్తి టార్క్ 5500 దగ్గరే వచ్చేస్తుంది. రాళ్ల మీద నడక వేగంతో ఎక్కేటప్పుడు, ఇసుకలో గేరు మార్చే తీరిక లేనప్పుడు ఆ తేడా చేతికి తెలుస్తుంది. కేటీఎంని అలాంటి చోట మొదటి గేరులో క్లచ్ జారుస్తూ నడపాల్సి వస్తుంది. మే నెలలో మన ఎండకి అలా పది నిమిషాలు నడిపితే రేడియేటర్ ఫ్యాన్ ఆగదు, క్లచ్ ప్లేట్లు వాసనొస్తాయి. దీనికి మందు ముందు స్ప్రాకెట్‌లో (చైన్ తిప్పే పళ్ల చక్రం) ఒక పన్ను తగ్గించడం. 14 పళ్లది తీసి 13 వేస్తే గేరింగ్ దాదాపు 7 శాతం పొట్టవుతుంది. హైవే మీద ఆ మేరకు ఆర్‌పీఎం పెరుగుతుంది, చిన్న స్ప్రాకెట్ చుట్టూ తిరగాలి కాబట్టి చైన్ కూడా కొంచెం త్వరగా అరుగుతుంది.

ట్యాంకు లెక్క సులువు. 9 లీటర్లు, ఘాట్‌లోనూ మట్టిలోనూ లీటరుకి 25 అనుకుంటే 225. అందులో ఒక లీటరు రిజర్వు వదిలేస్తే 200 కిలోమీటర్లు. బెజవాడ నుంచి రాజమండ్రికి 160 దాకా ఉంటుంది, అక్కడ నింపక తప్పదు. అక్కడి నుంచి మారేడుమిల్లి 85. ఘాట్ దిగి చింతూరు దాకా వెళ్లి అదే దారిన వెనక్కి రావాలంటే 200 దాటిపోతుంది. బంకులు లేవని కాదు, రూటు ప్లాన్ మీ చేతిలోంచి బంకుల చేతిలోకి పోతుంది. హిమాలయన్‌ది 17 లీటర్లు. లీటరుకి 28 చొప్పున, 2 లీటర్లు పక్కన పెట్టినా 420 వస్తుంది. రోజూ మంగళగిరికి కేటీఎం మీద వెళ్తే వారానికోసారి కచ్చితంగా బంకు, కొన్ని వారాలు రెండుసార్లు.

బరువులో మాత్రం కేటీఎం ముందు హిమాలయన్ నిలవదు. హిమాలయన్ 196 కిలోలు, అదీ ట్యాంకు 90 శాతం నింపి. ఎండ్యూరో ఆర్ దానికంటే సుమారు 20 కిలోలు తక్కువ. తారు మీద ఈ 20 కిలోలు తెలియవు. బురదలో మూడోసారి పడ్డాక ఒక్కరే లేపాలంటే తెలుస్తాయి.

ఒకే బైక్, వెనక మనిషి, రోజూ ఆఫీసు అంటున్నారు కాబట్టి నా ఓటు హిమాలయన్‌కి. ఇంట్లో ఇంకో బండి ఉండి ఉంటే ఇదే మాట చెప్పేవాణ్ణి కాదు.

పల్నాడు దుమ్ము

స్పానర్ గారి లెక్కలన్నీ ఒప్పుకుంటా, కానీ నల్లరేగడి మాట ఆయన వదిలేశారు. గుంటూరు వాళ్లకి అసలు ప్రశ్న అదే.

నల్లరేగడి తడిస్తే ఉబ్బి జిగురవుతుంది. టైరు గాళ్లలో నిండి, చక్రం తిరిగే కొద్దీ పొర మీద పొర కడుతుంది. హిమాలయన్ ముందు మడ్‌గార్డ్ టైరుకి దగ్గరగా, కిందికి ఉంటుంది. ఆ సందులో మట్టి కూరుకుపోయి చక్రాన్ని బిగబట్టేస్తుంది. హ్యాండిల్ తిరగదు, ఒక్కోసారి చక్రం పూర్తిగా ఆగిపోయి బండి అక్కడే కూలబడుతుంది. ఎండ్యూరో ఆర్‌కి మడ్‌గార్డ్ పైన ఉంటుంది, టైరుకీ దానికీ మధ్య చెయ్యి పట్టేంత ఖాళీ. వానాకాలం పత్తి చేల దారుల్లో ఆ ఒక్క తేడా ఆరు పీఎస్ కంటే ఎక్కువ విలువ చేస్తుంది.

హిమాలయన్‌కి దీనికి మార్గం ఉంది. పైకి బిగించే ర్యాలీ మడ్‌గార్డ్ వేయించుకోవచ్చు. అది వేశాక టైరు విసిరే మట్టి నేరుగా రేడియేటర్ మీద పడుతుంది కాబట్టి గట్టి జాలీ గార్డు కూడా తప్పనిసరి. రేడియేటర్ రెక్కల్లో మట్టి ఎండిపోయాక ప్రెషర్ వాషర్‌తో ముందు నుంచి కొట్టొద్దు, రెక్కలు వంగిపోతాయి. నానబెట్టి, మామూలు పైపుతో వెనక వైపు నుంచి నీళ్లు పట్టండి. ముందు స్ప్రాకెట్ కవర్ లోపల కూడా ఇదే మట్టి ఇటుకలా గట్టిపడుతుంది, కవర్ విప్పి తీయకపోతే చైన్‌నీ, షాఫ్ట్ సీల్‌నీ తినేస్తుంది.

ఒక మాట: పూర్తిగా తడిసిన రేగడిలో ఏ బండీ నడవదు. గట్టి వాన పడ్డాక రెండు ఎండలు కాసేదాకా ఆ దారి మానుకోవడమే మేలు. రైతు ట్రాక్టర్ తెచ్చి లాగితే తప్ప బయటికి రాలేని చోట్లు ఉన్నాయి.

రెండోది ముళ్లు. కాలవగట్ల మీద సర్కారు తుమ్మ కొట్టి పడేస్తారు, ఆ ముల్లు చెప్పు అడుగునే దాటుతుంది. ట్యూబ్ టైరు అయితే చక్రం విప్పాల్సిందే. ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలకి ముల్లు పీకి, ప్లగ్ దూర్చి, పంపుతో గాలి కొట్టుకుంటే పది నిమిషాల పని. హిమాలయన్‌కి కంపెనీ నుంచే ట్యూబ్‌లెస్ స్పోక్ చక్రాలు దొరుకుతాయి. మీ వాడకానికి అది దండగ ఎంతమాత్రం కాదు. రాళ్లలో గట్టిగా తగిలి రిమ్ అంచు వంగితే మాత్రం ట్యూబ్‌లెస్ గాలి నిలపదు. అందుకని ఒక 21 అంగుళాల ట్యూబ్ బ్యాగులో ఉంచండి. ఇరుకున పడితే అదే ట్యూబ్ వెనక 17 చక్రంలోనూ దూర్చి నెమ్మదిగా ఇంటికి రావచ్చు.

తాడికొండ అడ్డరోడ్డు

చాలా వివరంగా చెప్పారు, థాంక్సండీ. సీటు ఎత్తు సంగతి ఎవరూ చెప్పలేదు. కేటీఎంలో రెండు రకాలు వచ్చాయంటున్నారు, అయోమయంగా ఉంది. టైరు గాలి ఎంతకి దించాలో కూడా చెప్పండి.

ప్రీలోడ్ ప్రసాదం

ఎండ్యూరో ఆర్ 2025లో ఇక్కడికి వచ్చినప్పుడు ముందు 200, వెనక 205 మి.మీ. సస్పెన్షన్ ట్రావెల్ (చక్రం పైకీ కిందికీ కదిలే దూరం), సీటు ఎత్తు 860. తర్వాత రెండు వైపులా 230 మి.మీ. ఉన్న పొడుగు రకం వచ్చింది, దానికి సీటు 890. హిమాలయన్‌కి రెండు వైపులా 200, సీటు 825 నుంచి 845కి మార్చుకోవచ్చు. మీ ఎత్తుకి 825 మీద రెండు పాదాలూ దాదాపు ఆనతాయి. 860 మీద మునివేళ్లు. 890 మీద ఒక పక్కకి జరిగి ఒక కాలు మాత్రమే ఆనించాలి. అది తప్పేం కాదు, కాకపోతే వెనక మనిషిని ఎక్కించుకుని వాలుగా ఉన్న చోట ఆపినప్పుడు కష్టం. పైగా ఎండ్యూరో ఆర్ సీటు సన్నగా, గట్టిగా ఉంటుంది, మీ ఆవిడగారు రాజమండ్రి చేరకముందే బస్సు ఎక్కుతానంటారు.

సీటు కొలత ఒక్కటే చూడొద్దు, మీరు కూర్చున్నాక బండి ఎంత దిగుతుందో చూడాలి. దాన్ని కొలిచి సరిచేసుకోవడం ఇంట్లోనే చేసుకోవచ్చు. వెనక చక్రం గాల్లో ఉండేలా బండి లేపి, ఇరుసు మధ్య నుంచి నిలువుగా పైన ఒక గుర్తు దాకా టేపు పెట్టి కొలవండి. తర్వాత హెల్మెట్, బూట్లు, బ్యాగుతో సహా ఎక్కి కూర్చోండి, ఇంకొకరు అదే దూరం మళ్లీ కొలవాలి. తేడా మొత్తం ట్రావెల్‌లో మూడో వంతుకి కొంచెం తక్కువ ఉండాలి. అంటే 200కి 60 మి.మీ., 230కి 70 మి.మీ. దగ్గర. ఎక్కువ దిగితే వెనక ప్రీలోడ్ (స్ప్రింగుని ముందే నొక్కి ఉంచే సర్దుబాటు) బిగించండి, తక్కువ దిగితే వదులు చేయండి. వెనక మనిషి కూర్చునే రోజు బిగించడం మర్చిపోతే వెనక కుంగి ముందు చక్రం తేలికవుతుంది, హెడ్‌లైట్ ఎదుటివాడి కళ్లలో కొడుతుంది, మలుపులో బండి బయటికి జారుకుంటుంది. పొట్టిగా ఉన్నామని సీటు దించడానికి ప్రీలోడ్ పూర్తిగా వదిలేసేవాళ్లున్నారు. అలా చేస్తే మొదటి గుంతకే సస్పెన్షన్ అడుగు తగులుతుంది.

చైన్ బిగింపు దీనితోనే ముడిపడి ఉంది. ఇంజిన్ స్ప్రాకెట్, స్వింగ్‌ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టే చెయ్యి) ఇరుసు, వెనక చక్రం ఇరుసు మూడూ ఒకే గీత మీదకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. పొడుగు సస్పెన్షన్ బండికి స్టాండు మీద చైన్ వేలాడినట్టు కనిపించడం సహజం. వీధి మెకానిక్ దాన్ని చూసి బిగించేస్తాడు, తర్వాత గుంతల్లో చైన్ వయొలిన్ తీగలా లాగి బేరింగులు పోతాయి. స్వింగ్‌ఆర్మ్ స్టిక్కర్ మీద ఎంత ఉంటే అంతే పెట్టించండి.

గాలి: తారు మీద కంపెనీ చెప్పినంత. రాళ్లు, గులక మట్టి అయితే 22 పీఎస్ఐ. ఇసుకలో 18. ట్యూబ్ టైరుకి రిమ్ లాక్ (టైరుని రిమ్‌కి పట్టి ఉంచే బిగింపు) లేకుండా 18 కంటే దించితే టైరు రిమ్ మీద జారి, ట్యూబ్‌ని తనతో లాక్కుపోయి వాల్వ్ మొదట్లో తెంపేస్తుంది. ఆ ట్యూబ్‌కి ప్యాచ్ పడదు. మళ్లీ తారు ఎక్కగానే గాలి కొట్టాలి కాబట్టి బ్యాటరీ పంపు ఒకటి కొనుక్కోండి.

ట్యూబ్ మార్చేటప్పుడు ఎక్కువమంది కొత్త ట్యూబ్‌ని కూడా టైరు ఎక్కించే లివర్‌తోనే చించుకుంటారు. చివరి జానెడు టైరు ఎక్కక, బలం పెడతారు. బలం అక్కర్లేదు. ఎదురుగా ఉన్న అంచుని మోకాలితో రిమ్ మధ్య పల్లంలోకి తొక్కిపెడితే ఇటు వదులు దానంతట అదే వస్తుంది. ట్యూబ్‌లో ముందే కొంచెం గాలి ఉంటే లివర్ కింద నలగదు.

ఆటోనగర్ స్పానర్

మడ్‌గార్డ్ పాయింటు నిజమే, పల్నాడు గారూ. ర్యాలీ మడ్‌గార్డ్, రేడియేటర్ జాలీ, ట్యూబ్‌లెస్ చక్రాలు కలిపి హిమాలయన్ లెక్క వేసుకోవాలి. కేటీఎంకి అయితే వెనక ర్యాకు, మెత్తటి సీటు, సాఫ్ట్ బ్యాగులు. రెండిటికీ అల్యూమినియం బ్యాష్ ప్లేట్ (ఇంజిన్ అడుగుని కాపాడే పలక), లోహపు నడుము ఉన్న హ్యాండ్‌గార్డులు, విడి క్లచ్, బ్రేక్ లివర్లు. 350 సీసీ దాటిన బళ్లకి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 40 శాతం. రెండూ ఆ కోవలోవే. కాబట్టి పాత వీడియోల్లో చెప్పిన ధరలు నమ్మొద్దు, ఆన్‌రోడ్ ధర కాగితం మీద రాయించుకోండి.

ట్రాక్టర్ల వెనక దుమ్ములో తిరిగొచ్చాక ఎయిర్ ఫిల్టర్ తెరిచి చూడండి. కాగితం ఫిల్టర్ అయితే కడగకూడదు, మారిస్తే మార్చడమే. ఫోమ్ అయితే కడిగి, ఆరబెట్టి, ఫిల్టర్ ఆయిల్ పట్టించి పెట్టాలి. మట్టిలో దిగే ముందు రెండిట్లోనూ వెనక ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా ఆపేది) ఆపుకోవచ్చు. ఇంజిన్ ఆపి మళ్లీ స్టార్ట్ చేశాక అది ఆపి ఉందో లేదో డిస్‌ప్లేలో చూసుకోండి. ఏబీఎస్ మళ్లీ ఆన్ అయితే దిగుడులో వెనక బ్రేకు పట్టడం లేదనుకుని కంగారుపడతారు.

బెజవాడ బురద

రెండిట్లో ఏదీ వద్దు అనేవాడు ఒకడుండాలి కదా. వారంలో ఎక్కువ మట్టి, తక్కువ హైవే అయితే హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ ప్రో చూడండి. ముందు 250, వెనక 220 మి.మీ. ట్రావెల్, 13 లీటర్ల ట్యాంకు, జీఎస్టీ కూడా తక్కువ. సీటు 891, అది గుర్తుంచుకోండి. హైవే మీద 90 దాటితే ఆయాసపడుతుంది. మీకు రాజమండ్రి దాకా జోడీ ప్రయాణం ఉంది కాబట్టి బలవంతం చేయను.

ఎక్కడ నడుపుతారో అది కూడా చూసుకోండి. ప్రకాశం బ్యారేజీ దిగువన కృష్ణ ఇసుక ప్రాక్టీసుకి బాగుంటుంది, కానీ పైన గేట్లు ఎత్తితే నీళ్లు చెప్పి రావు. వరద రోజుల్లో, గేట్ల వార్త ఉన్నప్పుడు దిగొద్దు. నల్లమల పులుల అభయారణ్యంలో, పాపికొండల నేషనల్ పార్కులో రోడ్డు దిగితే అటవీశాఖ కేసు, బండి జప్తు. దోర్నాల నుంచి శ్రీశైలం రోడ్డు రాత్రి మూసేస్తారు, చీకటి పడకముందే దాటేలా బయల్దేరండి. సూర్యలంక ఇసుకలో బండి తిప్పడం మానేయండి. జనవరి నుంచి ఏప్రిల్ దాకా ఆ తీరంలో తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఉప్పు నీళ్లు స్పోకుల్నీ చైన్‌నీ తినేస్తాయి.

తాడికొండ అడ్డరోడ్డు

అయితే హిమాలయన్, ట్యూబ్‌లెస్ చక్రాలతో. ర్యాలీ మడ్‌గార్డ్ వానాకాలానికి ముందు. డెలివరీ రోజు ఏం చూడాలి?

ప్రీలోడ్ ప్రసాదం

స్పోకులు ఒక్కొక్కటీ స్పానర్‌తో తట్టి వినండి, అన్నీ ఇంచుమించు ఒకే మోత రావాలి. దబ్ మన్నది వదులు. మొదటి సర్వీసులో మళ్లీ చూపించండి, కొత్త స్పోకులు అప్పుడే సర్దుకుంటాయి. చైన్ స్టిక్కర్ ప్రకారం ఉందా, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పితే ఏ కేబులూ బిగుసుకోవడం లేదా, కూలెంట్ రెండు గీతల మధ్య ఉందా చూడండి. లివర్ల కోణం నిలబడి నడిపేటప్పుడు మణికట్టు వంగకుండా ఉండేలా కిందికి తిప్పించండి. లివర్ బ్రాకెట్ బోల్టులు మరీ బిగించొద్దు. పడ్డప్పుడు బ్రాకెట్ తిరిగిపోవాలి, విరగకూడదు.