సర్కారు బడిలో పూర్తిరోజు ఎల్‌కేజీ, యూకేజీ: డబ్బు ఎవరిస్తారు, మా తండాకు ఎట్లా వస్తుంది?

ప్రశ్న: తండా నాన్న, దేవరకొండ

అందరికీ నమస్కారం. మాది నల్గొండ జిల్లా దేవరకొండ డివిజన్‌లోని ఒక తండా. మా పాపకు ఉగాదికి నాలుగేళ్లు నిండాయి. తండాలో అంగన్‌వాడీ కేంద్రం ఉంది, అక్కడి టీచరమ్మ మంచి మనిషి, గుడ్డు, అన్నం సక్రమంగానే పెడుతున్నారు. కానీ అన్నం తిన్న అరగంటకు ఎవరో ఒకరు వచ్చి తమ పిల్లను ఎత్తుకొని పోతారు, ఆ వెనకే మిగిలినవాళ్లూ పోతారు, ఒంటి గంట దాటితే కేంద్రంలో నలుగురు కూడా మిగలరు. నా భార్య పత్తి ఏరడానికి పొద్దున ఎనిమిదింటికి పోతే తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ అవుతుంది. నేను ట్రాక్టర్ మీద ఉంటాను. మా అమ్మకు ఫ్లోరైడ్ నీళ్ల వల్ల మోకాళ్లు వంగవు, నాలుగేళ్ల పిల్ల వెనక ఉరకడం ఆమె వల్ల కాదు.

మా తండా నుంచి పొద్దున ఏడున్నరకు ఒక ఆటో పోతుంది. మూడేళ్ల పిల్లలు సహా పద్దెనిమిది మంది అందులో కూర్చుంటారు, సంచులు బయట కొక్కేలకు వేలాడుతుంటాయి. ఆ ప్రైవేటు బడిలో యూకేజీ ఫీజు, ఆటో కిరాయి కలిపితే, మేమిద్దరం ఒక నెలంతా చేసిన కూలి దానికే పోతుంది. ఇక్కడి సర్కారు ప్రాథమిక పాఠశాల హెడ్మాస్టరు గారిని అడిగితే, "ఐదేళ్లు నిండాక ఒకటో తరగతికి తీసుకురండి" అన్నారు. 2025-26లో మన తెలంగాణలోని కొన్ని సర్కారు బడుల్లో ప్రీ ప్రైమరీ తరగతులు మొదలుపెట్టారని విన్నాను. అవి సాయంత్రం దాకా నడుస్తాయా? వాటికి డబ్బు రాష్ట్రం ఇస్తుందా, కేంద్రం ఇస్తుందా? మా బడికి రావాలంటే ఎవరిని, ఏమని అడగాలి? తెలిసినవారు చెప్పగలరు.

జవాబు: పాత పంతులు, జడ్చర్ల

తమ్ముడూ, ఇరవై ఏళ్లకు పైగా ప్రాథమిక పాఠశాలల్లో పనిచేసి పదవీ విరమణ పొందినవాణ్ని కాబట్టి నాకు తెలిసినంత వివరంగా రాస్తాను, కొంచెం ఓపికగా చదవండి.

మీ హెడ్మాస్టరు గారు అలా చెప్పడానికి మూలం చట్టంలోనే ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువును హక్కుగా ఇచ్చింది. మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల విషయానికి వచ్చేసరికి, 11వ సెక్షన్‌లో, ప్రభుత్వం ఉచిత పూర్వ ప్రాథమిక విద్యకు అవసరమైన ఏర్పాట్లు "చేయవచ్చు" అని మాత్రమే రాశారు. "చేయాలి" అని రాయలేదు. రాజ్యాంగం 45వ అధికరణం కూడా 2002 సవరణ తరువాత, ఆరేళ్లు నిండేదాకా పిల్లల సంరక్షణకు, విద్యకు రాజ్యం ప్రయత్నించాలని అంటుంది, అంతే. అందుకే ఒకటో తరగతి లేని బడి మీద మీరు కోర్టుకు పోవచ్చు గాని, ఎల్‌కేజీ లేని బడి మీద పోయినా నిలబడదు.

ఇక డబ్బు. ఈ వయసు పిల్లల డబ్బు ఒక సంచిలో లేదు, మూడు సంచుల్లో ఉంది, మూడింటి తాళాలూ వేర్వేరు చేతుల్లో ఉన్నాయి. మొదటిది 1975 అక్టోబరు 2న మొదలైన ఐసీడీఎస్, అంటే మీ అంగన్‌వాడీ. అది స్త్రీ, శిశు సంక్షేమ శాఖది, పోషకాహారం ఖర్చును కేంద్రం, రాష్ట్రం సగం సగం భరిస్తాయి, మిగతా ఖర్చు మన వంటి రాష్ట్రాలకు 60, 40 పాళ్లలో ఉంటుంది. రెండోది 2018లో వచ్చిన సమగ్ర శిక్ష, ఇది విద్యాశాఖది, ప్రీ స్కూలు నుంచి పన్నెండో తరగతి దాకా దీని పరిధిలోకి వస్తాయి, ఇక్కడా 60, 40 పాళ్లే. మూడోది మధ్యాహ్న భోజనం. దీన్ని 2021లో పీఎం పోషణ్ అని పేరు మార్చినప్పుడు, సర్కారు బడుల్లోని బాలవాటిక, అంటే ఒకటో తరగతికి ముందు తరగతి పిల్లలకు కూడా వర్తింపజేశారు. ప్రాథమిక స్థాయిలో పిల్లవాడికి రోజుకు 100 గ్రాముల బియ్యం, వంట సామగ్రికి 2025 మే నుంచి 6 రూపాయల 78 పైసలు. బాలవాటిక పిల్లలకూ అదే లెక్క.

మీరు విన్నది నిజమే, 2025-26లో మొదటి విడతగా 210 సర్కారు బడుల్లో ప్రీ ప్రైమరీ తరగతులకు రాష్ట్రం అనుమతి ఇచ్చింది. ప్రతి తరగతికి ఒక ఇన్‌స్ట్రక్టరు, ఒక ఆయా ఉంటారు. ఇన్‌స్ట్రక్టరుకు నెలకు 8,000, ఆయాకు 6,000 చొప్పున పది నెలలు గౌరవ వేతనం. నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్పాలంటే, ఈ పథకంలో బలహీనమైన కీలు ఇదే. ఎనిమిది వేలకు జూన్‌లో చేరిన అమ్మాయి దసరాకు మరో పని దొరికితే వెళ్లిపోతుంది, ఆమెను తప్పుపట్టలేము. నాలుగేళ్ల పిల్ల తనకు పరిచయమైన ముఖం కోసం ఒక వారం ఏడుస్తుంది, ఎనిమిదో రోజున బడికే రానంటుంది.

పూర్తిరోజు సంగతి మీరు అడిగారు. బడి గంటలు సాయంత్రం దాకా ఉంటాయి గనుక తరగతి కూడా ఉంటుందని అనుకుంటాము, కాని తరగతి పేరు గోడ మీద రాసినంత మాత్రాన అది పూర్తిరోజు కాదు. ఒక బడిలో నేను కళ్లారా చూశాను. భోజనం అయ్యాక రెండు గంటల సమయంలో పదకొండు మంది పిల్లలు బండల మీద, పలక తల కింద పెట్టుకొని పడుకున్నారు. పరచడానికి జంపఖానా లేదు. మరుగుదొడ్డిలో గుంత పెద్దవాళ్ల కొలతకు ఉంది, కుళాయి పిల్లల తలకంటే ఎత్తున ఉంది. ఆయా ఆ రోజు రాలేదు. ఒకటో తరగతి టీచరు రెండు గదుల మధ్య తలుపులో నిలబడి రెండు వైపులా చూస్తున్నారు. మీరు పిల్లను చేర్చే ముందు పొద్దున పాటలు పాడే వేళకు కాదు, మధ్యాహ్నం రెండు గంటలకు వెళ్లి చూడండి.

జవాబు: అంగన్‌వాడీ అక్క, నాగర్‌కర్నూల్

సార్ రాసినదంతా మర్యాదగా చదివాను. అయితే అంగన్‌వాడీలో మధ్యాహ్నం పిల్లలు ఎందుకు మిగలరన్నది మా వైపు నుంచి కూడా వినాలని నా మనవి.

మా దగ్గర ఒక టీచరు, ఒక ఆయా ఉంటారు. మాకు పిల్లల చదువు ఒక్కటే పని కాదు. గర్భిణులకు, బాలింతలకు 2015 నుంచి ఆరోగ్యలక్ష్మి కింద ఒక పూట పూర్తి భోజనం మా కేంద్రంలోనే పెడుతున్నాము. మూడేళ్ల లోపు పిల్లలకు బాలామృతం పిండి ఇవ్వాలి, బరువులు తూచాలి, ఎత్తు కొలవాలి, ఆ వివరాలన్నీ ఫోనులో పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఎక్కించాలి, ఇళ్లకు వెళ్లి రావాలి. ఈ పనులన్నీ భోజనం తరువాతే పడతాయి. నేను ఇళ్ల సందర్శనకు బయలుదేరితే, ఆయా గిన్నెలు కడుగుతూ ఉంటే, ఆ గంటన్నర పిల్లలను చూసేది ఎవరు? తల్లులకు ఆ సంగతి తెలుసు, అందుకే తీసుకుపోతారు. నాకు నెలకు 13,650, మా ఆయాకు 7,800 వస్తున్నాయి. అదే వయసు పిల్లలకు పక్క బడిలో ఎనిమిది వేలకు ఇంకొకరిని పెట్టడం కన్నా, ఆ డబ్బుతో మా కేంద్రానికే మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా ఉండే మనిషిని ఒకరిని ఇస్తే చాలుననిపిస్తుంది.

ఇంకో భయం కూడా ఉంది, దాచుకోవడం ఎందుకు. నాలుగు, ఐదేళ్ల పిల్లలు బడికి వెళ్లిపోతే మా హాజరు పట్టీలో మూడేళ్లవాళ్లే మిగులుతారు. రేపు పిల్లలు లేరని కేంద్రాన్ని ఇంకో దానిలో కలిపేస్తే, తండాలోని బాలింత అన్నం కోసం చంటిబిడ్డను ఎత్తుకొని రెండు కిలోమీటర్లు నడవాలి. తమిళనాడులో 2019లో ఎల్‌కేజీ, యూకేజీ మొదలుపెట్టినప్పుడు బడి ప్రాంగణాల్లో ఉన్న 2,381 అంగన్‌వాడీ కేంద్రాల్లోనే పెట్టారు. బడి, అంగన్‌వాడీ ఒకే ప్రహరీలో ఉంటే గంట ఒకటే మోగుతుంది, అక్కను బడిలో దింపే చేతితోనే చెల్లెను మా దగ్గర దింపవచ్చు. తండా నాన్న గారూ, మీ కేంద్రం బడి ఆవరణలోకి రావడానికి ఖాళీ గది ఏదైనా ఉందా అన్నది ముందు చూడండి.

జవాబు: వలస బిడ్డ, కోయిలకొండ

సార్‌కు, అక్కకు ఇద్దరికీ దండాలు. నాది చిన్న మాట. మా నాయన, అమ్మ పుణెలో మట్టి పనికి పోయినప్పుడు నేను, మా చెల్లె అవ్వ దగ్గర పెరిగాము. పొద్దంతా గడప ముందు ఒక నులక మంచం, దానికి కట్టిన చీర, ఆ చీర కొసకు మా చెల్లె కాలు. అవ్వ ఆమెను కొట్టడానికి కట్టలేదు, బావి ఉన్నది కాబట్టి కట్టింది. ఇప్పుడు నాకు కొడుకు. వాణ్ని మేము పనికి పోయేచోటికి తీసుకుపోలేము, ఇక్కడ వదలలేము. 2005 నాటి ఉపాధి హామీ చట్టంలో, పని జరిగే చోటికి తల్లుల వెంట ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురో అంతకంటే ఎక్కువో వస్తే, వాళ్లను చూసుకోవడానికి ఆ కూలీల్లోనే ఒక ఆమెను పెట్టి, ఆమెకూ కూలి ఇవ్వాలని రాశారు. మా చెరువు పనిలో ఒక్క రోజు కూడా అట్లా ఎవరినీ పెట్టలేదు. కాబట్టి కాగితం మీద ఉన్నదానికి, జరిగేదానికి మధ్య దూరం మాకు కొత్త కాదు.

తరగతి ఏ శాఖ పెట్టినా మాకు ఒకటే. సాయంత్రం నాలుగు దాకా తలుపు తీసి ఉండాలి, లోపల ఒక మనిషి ఉండాలి. ఇంకొకటి, తండా పిల్లలకు ఇంట్లో మాట లంబాడీ. ఇన్‌స్ట్రక్టరుకు ఆ మాట రాకపోతే పిల్ల దాహమని చెప్పినా ఆమెకు అర్థం కాదు. నియామకంలో ఆ తండా ఆడబిడ్డనే తీసుకోమని అడగండి.

మళ్లీ: తండా నాన్న, దేవరకొండ

ముగ్గురికీ కృతజ్ఞతలు. అంగన్‌వాడీ అక్క గారు చెప్పినట్లు నిన్న బడికి వెళ్లి చూశాను. నాలుగు గదుల్లో రెండే వాడుతున్నారు, ఒకదానిలో విరిగిన బల్లలు, ఎన్నికల నాటి అట్టపెట్టెలు ఉన్నాయి. కప్పు బాగానే ఉంది. మా అంగన్‌వాడీ మాత్రం ఒక అద్దె ఇంటి వరండాలో నడుస్తున్నది. సాయంత్రం నేనూ మా బామ్మర్దీ ఇంటింటికీ తిరిగి రాసుకున్నాము: మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు మొత్తం ఇరవై ఆరు మంది, అందులో పదకొండు మంది ఆటోలో పోయేవాళ్లు. ఆ పదకొండు మందిలో ఏడుగురి తల్లులు, ఇక్కడే సాయంత్రం దాకా చూసుకుంటే ఆటో మాన్పిస్తామన్నారు. మిగిలిన నలుగురు "ఇంగ్లీషు చెప్తారా?" అని అడిగారు, నేను ఏమీ చెప్పలేకపోయాను.

ఇప్పుడు దరఖాస్తులో కొత్త తరగతి అడగాలా, అంగన్‌వాడీని బడిలోకి మార్చమని అడగాలా? కొందరు పిల్లలకు జనన ధ్రువపత్రం లేదు, ఇంట్లోనే పుట్టారు. అది అడ్డం అవుతుందా?

జవాబు: పాత పంతులు, జడ్చర్ల

ఇరవై ఆరు మంది జాబితా తయారైందంటే సగం పని మీరే చేశారు, మా కాలంలో పిల్లలను బడిలో చేర్పించే బడిబాటలో మేము జూన్ నెల ఎండలో చేసిన పని అది. రెండూ అడగండి, కాని వేర్వేరు కాగితాల మీద అడగండి. ఒకే కాగితంలో రాస్తే విద్యాశాఖ వారు ఐసీడీఎస్‌కు, ఐసీడీఎస్ వారు విద్యాశాఖకు పంపి ఊరుకుంటారు. ఖాళీ గదిలోకి అంగన్‌వాడీని మార్చమన్నది అంగన్‌వాడీలను చూసే అధికారి సీడీపీఓకు, ప్రీ ప్రైమరీ తరగతి మంజూరు చేయమన్నది ఎంఈఓ (మండల విద్యాధికారి) ద్వారా డీఈఓకు (జిల్లా విద్యాధికారికి). సోమవారం కలెక్టరేటులో జనం అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది, రెండింటి నకళ్లనూ అక్కడ ఇచ్చి రసీదు తీసుకోండి.

దరఖాస్తులో "పూర్తిరోజు" అని ఒక్క మాట రాసి వదలవద్దు. ఎన్ని గంటల నుంచి ఎన్ని గంటల దాకా, ఆ వేళల్లో ఇద్దరు మనుషులు ఉండాలని, పిల్లల పేర్లు మధ్యాహ్న భోజన హాజరులో ఎక్కించాలని, పడుకోవడానికి జంపఖానాలు, పిల్లల ఎత్తుకు కుళాయి కావాలని వరుసగా రాయండి. బడిలోని అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో మహిళా సంఘం వాళ్లు ఉంటారు, వాళ్ల సంతకాలు ముందు తీసుకోండి. అక్క గారి భయం కూడా న్యాయమైనదే గనుక, తండా కేంద్రాన్ని తీసివేయకుండా అనే మాట మొదటి పేరాలోనే పెట్టండి.

ఇంగ్లీషు అడిగిన తల్లులతో వాదించకండి. పిల్ల ఇంటికి వచ్చి రెండు పాటలు పాడితే వాళ్లకు వాళ్లే వస్తారు. జనన ధ్రువపత్రం లేకపోతే ఏఎన్ఎం (ఊరి నర్సమ్మ) రిజిస్టరు గాని, అంగన్‌వాడీ రికార్డు గాని, తల్లిదండ్రుల ప్రకటన గాని వయసుకు రుజువుగా బడుల్లో తీసుకుంటారు. మీ టీచరమ్మ మంచి మనిషి అన్నారు కదా, ఆ ఇరవై ఆరు మంది పుట్టిన తేదీలు ఆమె రిజిస్టరు నుంచి రాయించుకొని, సంతకం, ముద్ర వేయించుకొని దరఖాస్తు వెనక జతచేయండి.