అప్‌డేట్: 2005 పోయాక్ వైన్ పాడవలేదు, గాలి తగల్లేదంతే

ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతంలో పోయాక్ అనే ఊరి 2005 రెడ్ వైన్ సీసా తీయగానే నోరు పీక్కుపోయేంత వగరు, పండు వాసనే లేదు, అడుగున మడ్డి. సీసా పాడైందా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. పాడవలేదు. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది డికాంటర్ (వైన్‌ని వంపి గాలి తగలనిచ్చే గాజు కూజా) సలహానే. రెండో సీసాని ఒక రోజంతా నిలబెట్టి, సీసా మెడ వెనక టార్చి పెట్టి, మెల్లగా అందులోకి వంపాను. మడ్డి మెడ దాకా రాగానే ఆపేయాలి, చివరి రెండు గుక్కలు వదులుకోవాల్సిందే. 17 డిగ్రీల దగ్గర రెండు గంటలు గాలి తగిలాక బ్లాక్‌కరెంట్ పండు, సిగార్ పెట్టె, చెక్కిన పెన్సిల్ వాసన వచ్చాయి. వగరు తగ్గింది గానీ పోలేదు. కాబెర్నే సావిన్యాన్ అనే ద్రాక్ష ఎక్కువున్న వైన్, పైగా 2005లో అక్కడ వానలు తక్కువ; టానిన్ (ద్రాక్ష తొక్క, గింజల నుంచి వచ్చే వగరు పదార్థం) గట్టిగానే ఉంటుంది మరి. ఏళ్లు గడిచేకొద్దీ ఆ టానిన్, రంగు కలిసి బరువెక్కి అడుగుకు దిగుతాయి. మడ్డి అంటే అదే.

కార్క్ పైన బూజు ఉన్నా వైన్ పాడైనట్టు కాదు, తుడిస్తే చాలు. కార్క్ వల్ల వైనే చెడితే (కార్క్ దోషం) తడి అట్టపెట్టె వాసన వస్తుంది, గాలి తగిలినా పోదు. కార్క్‌కి రెండు పక్కలా సన్న పలకలు దూర్చి లాగే ఓపెనర్ మాత్రం కొనండి. పాత కార్క్ మామూలు స్క్రూకి పొడిపొడి అవుతుంది.

మిగతా నాలుగు సీసాలు 13 డిగ్రీల్లో పడుకోబెట్టాను. ఐదేళ్లకి ఇంకోటి తీస్తా.