పుట్టగొడుగు క్లోజప్‌లో వెనక బ్లర్ కావాలంటే ఎపర్చర్ ఎంత పెట్టాలి?

ప్రశ్న: నమస్కారం అండీ, మాది అమలాపురం దగ్గర. నాలుగు రోజులుగా ముసురు పట్టింది, కొబ్బరితోటలో కుళ్లిన మట్టల పక్కన తెల్ల పుట్టగొడుగులు లేచాయి, గొడుగు పది రూపాయల బిళ్లంత ఉంటుంది. క్రాప్ సెన్సర్ కెమెరా (ఫోటో పట్టే సెన్సర్ కొంచెం చిన్నది), 100 ఎంఎం మాక్రో లెన్స్ (దగ్గర్నుంచి తీసేది). ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురొచ్చే రంధ్రం, బాగా తెరిచి ఎఫ్/2.8లో తీస్తే గొడుగు ముందంచు ఒక్కటే షార్ప్, కాడ కూడా మసకే. రంధ్రం చిన్నది చేసి ఎఫ్/16 పెడితే గొడుగు బాగానే వస్తోంది గానీ వెనక డొక్కల పీచు కూడా కనిపించిపోతోంది. మధ్యలో ఎక్కడ ఆగాలి?

జవాబు: ఎఫ్/8తో మొదలుపెట్టు తమ్ముడూ. కానీ నీ ఇబ్బంది ఎపర్చర్‌తో తీరేది కాదు. నువ్వు నిలబడి వంగి పైనుంచి తీస్తున్నావనుకుంటా, అలా తీస్తే గొడుగు వెనకే నాలుగైదు సెంటీమీటర్లలో నేల ఉంటుంది. పుట్టగొడుగు సెన్సర్ మీద అసలు సైజులో మూడోవంతు పడేంత దగ్గరికి వెళ్తే, ఎఫ్/2.8లో షార్ప్‌గా వచ్చే మందం సుమారు 1.3 మిల్లీమీటర్లే, ఎఫ్/8లో దాదాపు 4, ఎఫ్/16లో 8 లోపు. అందుకని ఎపర్చర్‌ని గొడుగు కోసం పెట్టుకో, బ్లర్‌ని దూరంతో తెచ్చుకో. లెక్క వేసి చూశాను, వెనకున్నది 5 సెంటీమీటర్లలో ఉంటే ఎఫ్/2.8 ఇచ్చే బ్లర్ కంటే, మీటరు దూరంలో ఉంటే ఎఫ్/8 ఇచ్చేది రెట్టింపు పైనే! ఇసక నింపిన గుడ్డసంచి నేల మీద వేసి దాని మీద కెమెరా పెట్టు, గొడుగు వెనక పంటబోదె అవతలి గట్టో వరిచేనో వచ్చేలా చూసుకో. సెన్సర్ కాడకి సమాంతరంగా ఉంటే కాడ మొత్తం ఫోకస్‌లోకి వస్తుంది. ఎఫ్/16 దాటొద్దు, డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలోంచి వచ్చే వెలుతురు చెదరడం) వల్ల ఫోటో అంతా మెత్తబడిపోతుంది.

ఇంకొకరు: డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) అయితే ఒక్క మాట. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ ఎప్పుడూ లెన్స్ పూర్తిగా తెరిచి ఉన్నట్టే చూపిస్తుంది, కాబట్టి ఎఫ్/8లో ఫోటోలో స్పష్టంగా పడబోయే గడ్డిపరక ముందుగా కంటికి కనపడదు. డెప్త్ ప్రివ్యూ బటన్ (మీరు పెట్టిన ఎపర్చర్‌తో ఎలా వస్తుందో చూపించేది) నొక్కి చూసుకుని, అడ్డమొచ్చిన పీచు తీసేసి అప్పుడు క్లిక్ చెయ్యండి. నేనైతే ఎఫ్/5.6లో ఫోకస్ కొంచెం కొంచెం జరుపుతూ పది పన్నెండు ఫోటోలు తీసి కలుపుతాను, కానీ గాలి ఆగితేనే, గొడుగు మీద పురుగు నడుస్తుంటే అసలు కుదరదు.

మరొకరు: ఫోన్‌తో అవదాండీ?

జవాబు: చాలా ఫోన్లలో ఎపర్చర్ మారదండీ. పోర్ట్రెయిట్ మోడ్‌లో బ్లర్ సాఫ్ట్‌వేర్ వేసేది, గొడుగు అంచుల దగ్గర తప్పులు చేస్తుంది. నేలకి ఆనించి తీయడం మాత్రం ఫోన్‌కీ పనికొస్తుంది.

అడిగినవారు: అన్నయ్యా, పొద్దున్నే వెళ్లి పడుకుని తీశాను. ఎఫ్/8, సెకనులో ఆరో వంతు, రెండు సెకన్ల టైమర్. గొడుగు మీద చినుకు కూడా స్పష్టంగా వచ్చింది, వెనక చేను ఒకే పచ్చగా కరిగిపోయింది! కానీ మట్టల సందుల్లోంచి కనిపించే ఆకాశం కోణాలు తేలిన తెల్ల బిళ్లల్లా పడింది.

జవాబు: అవి ఎపర్చర్ రేకుల ఆకారాలు. ఎఫ్/4కి తెరిస్తే కొంత గుండ్రమవుతాయి, కానీ గొడుగు షార్ప్‌నెస్ పోతుంది. ఎఫ్/8లోనే ఉంచి కెమెరా రెండంగుళాలు పక్కకి జరుపు, ఆ సందులు ఏ కొబ్బరి మొద్దు వెనక్కో పోతాయి.